దేహం మారే ఏళ్లలో తోడు

(సూరత్‌లోని తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం. అచ్చు కోసం కొద్దిగా సవరించిన పాఠం.)



బడిపంతులుగా పనిచేసిన మన సారు పేరిట జరిగే ఈ ఉపన్యాసాల్లో ఇంతకుముందు నేతపని గురించి, వలస గురించి, తెలుగు చదువు గురించి మాట్లాడారు. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ ఏడు మాధ్యమాల్లో బడులు నడుపుతోంది. వాటిలో తెలుగు కూడా ఉంది. అలాంటి బడిలోనే సారు బతుకంతా పాఠం చెప్పారు. ఈ ఏడు మీరు డాక్టరును పిలిచారు కాబట్టి షుగరు గురించో, సాంచాల (మరమగ్గాల) చప్పుడుకు చెవులు దెబ్బతినడం గురించో చెబుతాననుకొని ఉంటారు. నేను ఎంచుకున్న విషయం వేరే. మగపిల్లవాడని ఇంట్లోవాళ్లు అనుకొని పెంచగా, తాను ఆడమనిషినని లోపల తెలిసి, పెద్దయ్యాక ఆ ప్రకారం శరీరాన్ని మార్చుకునేవాళ్ల గురించి చెబుతాను. కార్యదర్శి గారికి ఈ సంగతి ఫోన్లో చెబితే కాసేపు మాట రాలేదు. తర్వాత, "చెప్పండి డాక్టరు గారూ, మనోళ్లలో లేరా ఏంది" అన్నారు.

ఉన్నారు. సిరిసిల్ల, వేములవాడ వైపు నుంచి వచ్చినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. శ్రీరామనవమి నాడు రాజన్న గుడిలో సీతారాముల కల్యాణం జరుగుతుంటే, త్రిశూలాలు పట్టిన, శివపార్వతులని పిలిచే భక్తులు, హిజ్రాలు ఒకరి మీద ఒకరు తలంబ్రాలు పోసుకొని శివుణ్ణి పెళ్లాడతారు. మీలో చాలామంది చిన్నప్పుడు ఆ గుంపులో నిలబడి చూసినవాళ్లే. ఇక్కడ గుజరాత్‌లో బెచరాజీ బహుచరా మాత ఉంది. ఆ తల్లి పేరు చెప్పుకొని పెళ్లికీ పురుడుకీ ఇంటికొచ్చే మాసీబాలకు, అంటే ఇక్కడి హిజ్రాలకు, పైసలిచ్చి, నెత్తిన చెయ్యి పెట్టించుకొని పంపిస్తాం. ఇంత మర్యాద తెలిసినవాళ్లం మన ఇంట్లో పిల్ల "నేను మీరనుకునే మనిషిని కాదు" అంటే మాత్రం తలుపు వేసుకుంటాం, లేదా ఆ పిల్లను బయటికి నెట్టి వేసుకుంటాం. పురాణాల్లో శిఖండి ఉన్నాడు, బృహన్నల ఉంది అని వేదికల మీద చెప్పేవాళ్లను చూస్తే నాకు కాస్త విసుగు. పురాణంలో చోటిచ్చినంత మాత్రాన సూరత్ లింబాయత్‌లో అద్దె గది దొరకదు.

నేను హార్మోన్ల డాక్టరును. అందుకే ముందు శరీరం దగ్గరే మొదలుపెడతాను.

ఈ చికిత్సలో రెండు పనులు జరుగుతాయి. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోనును అణచడం ఒకటి, ఈస్ట్రడయోల్ అనే ఆడ హార్మోనును ఇవ్వడం మరొకటి. అణచడానికి మనదేశంలో ఎక్కువగా వాడేది స్పైరనోలాక్టోన్, లేదంటే సైప్రోటెరోన్. ఈస్ట్రడయోల్ మాత్రగానో, చర్మానికి రాసుకునే జెల్‌గానో ఇస్తాం. 2017లో ఎండోక్రైన్ సొసైటీ, 2022లో ప్రపంచ ట్రాన్స్‌జెండర్ ఆరోగ్య సంఘం మార్గదర్శకాలు ఇచ్చాయి. 2020లో మనదేశపు ట్రాన్స్‌జెండర్ ఆరోగ్య సంఘం భారతీయ ప్రమాణాలూ ప్రచురించింది. అంటే ఇది ఎవరో ఇష్టమొచ్చినట్టు చేసే వైద్యం కాదు.

మార్పులు ఒక్కసారి రావు. మొదటి మూడు నెలల్లో కామవాంఛ తగ్గుతుంది, పొద్దున్నే మగవాళ్లకు కలిగే అంగస్తంభన తగ్గిపోతుంది. మూడు నుంచి ఆరు నెలల మధ్య చనుమొనల కింద చిన్న గడ్డలా తగులుతుంది. ముట్టుకుంటే నొప్పి. పదమూడేళ్ల ఆడపిల్ల ఎదిగే తీరే ఇది, కాకపోతే పాతికేళ్ల వయసులో వస్తుంది. చర్మం మెత్తబడుతుంది, జిడ్డు తగ్గుతుంది. కొవ్వు పొట్ట దగ్గర కాక తుంటికి, తొడలకు చేరడం మొదలుపెడుతుంది. భుజాల బలం తగ్గుతుంది. ఒంటి మీది వెంట్రుకలు పలచబడడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. రొమ్ములు పూర్తిగా ఎదగడానికి రెండు మూడేళ్లు, కొందరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అప్పటికీ చాలామందికి అక్కచెల్లెళ్లకు ఉన్నంత రావు. ఈ సంగతి మొదటి రోజే చెప్పాలి. చెప్పకపోతే ఆరో నెలలో అద్దం ముందు నిలబడి ఏడ్చి, మాత్రలు రెట్టింపు చేసుకుంటారు. మాత్రలు పెంచితే రొమ్ము త్వరగా పెరగదు. రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రం పెరుగుతుంది.

కొన్ని అసలు మారవు. ఎత్తు, భుజాల ఎముకలు, పాదాలు అలాగే ఉంటాయి. గొంతు మారదు. యుక్తవయసులో టెస్టోస్టిరాన్ స్వరతంత్రులను ఒకసారి మందం చేశాక ఏ మాత్రా వాటిని వెనక్కి తీసుకురాదు. స్పీచ్ థెరపిస్టు దగ్గర నెలల తరబడి సాధన చేయాలి. గడ్డం కూడా మందుతో పోదు. లేజరు చేయించాలి, అదీ నల్ల వెంట్రుకకే పనిచేస్తుంది. నెరిసిన వెంట్రుకకు ఎలక్ట్రాలిసిస్ కావాలి. చామనఛాయ, నలుపు ఒంటికి తగిన లేజరు ఉన్న చోటికే వెళ్లాలి. చవకగా చేస్తామన్న పార్లర్లలో చర్మం కాలి మచ్చలు పడ్డవాళ్లు నా దగ్గరికి వచ్చారు.

ఇంతవరకూ ఏ డాక్టరైనా చెబుతాడు. లింబాయత్, ఉధనా, పాండేసరా గదుల్లో ఈ మార్పులు ఎలా సాగుతాయో చూసినవాణ్ణి కాబట్టి ఇకపై ఆ సంగతి చెబుతాను. ఎవరినీ గుర్తుపట్టడానికి వీలులేకుండా ఇద్దరు ముగ్గురి సంగతులు కలిపి చెబుతున్నాను.

సాంచాల షెడ్డులో ఉక్కకు మగవాళ్లంతా బనీను మీదనో, అదీ లేకుండానో పనిచేస్తారు. మందు మొదలుపెట్టిన నాలుగో నెలలో, ఈ మార్పులో ఉన్న పిల్ల చొక్కా విప్పలేదు. వేసవిలో కూడా చొక్కా, లోపల బిగుతుగా గుడ్డ చుట్టుకొని పన్నెండు గంటలు నిలబడుతుంది. స్పైరనోలాక్టోన్ అసలు బీపీకి, ఒంటి నీరు తీయడానికి వాడే మందు. మాటిమాటికీ మూత్రం వస్తుంది, దాహం వేస్తుంది. షెడ్డులో ఉన్నది ఒకటే మరుగుదొడ్డి, దానికి గడియ ఉండదు. అందుకని నీళ్లు తాగడం మానేస్తుంది. అప్పుడు కళ్లు తిరుగుతాయి. పైగా ఈ మందు రక్తంలో పొటాషియంను పెంచుతుంది. నీరసమని రోజూ కొబ్బరినీళ్లు తాగితే ఇంకా పెరుగుతుంది. ఇక బలం సంగతి. బీము ఎత్తడం, మోయడం భుజాల పని. కూలి మీటరు లెక్కన. ఏడాదిలో కండ తగ్గితే నెల కూలి కూడా తగ్గుతుంది. "వీడికి ఈమధ్య పని చేతకావట్లేదు" అంటాడు సేఠు. నలుగురు ఒకే గదిలో, పగటి షిఫ్టువాళ్లు లేచిన పరుపు మీదే రాత్రి షిఫ్టువాళ్లు పడుకునే చోట మందు డబ్బా ఎక్కడ దాచాలి? బియ్యం డబ్బాలోనే.

ఈ చాటు వల్లే అసలు ప్రమాదం వస్తోందని నా అభిప్రాయం. మందు కన్నా దాపరికమే ఎక్కువ మందిని ఆసుపత్రికి తెస్తోంది.

డాక్టరు దగ్గరికి వెళ్లడానికి భయపడ్డవాళ్లు ఏం వాడతారో మెడికల్ షాపువాళ్లకు తెలుసు. గర్భనిరోధక మాత్రలు. మాలా-డి దుకాణంలో చవక, మాలా-ఎన్ ప్రభుత్వ దవాఖానాలో ఉచితం. ఇరవై ఒక్క హార్మోను మాత్రలు, చివర ఏడు ఇనుము మాత్రలు. ఆ ఏడూ హార్మోనే అనుకొని ఒకేసారి మింగినవాళ్లను చూశాను. హార్మోను మాత్రలో ఉండేది ఈథినైల్ ఈస్ట్రడయోల్, దానికి తోడు లెవొనార్జెస్ట్రెల్. పిల్లలు వద్దనుకునే ఆడవాళ్లకు అది రోజుకొకటి చాలు, వాళ్లకు మంచి మందే. రొమ్ములు త్వరగా రావాలని రోజుకు మూడు, నాలుగు మింగితే అది వేరే కథ. ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు దశాబ్దాల పాటు తమ ట్రాన్స్ మహిళా రోగులను గమనించి, ఈథినైల్ ఈస్ట్రడయోల్ వాడినవాళ్లలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం ఎక్కువని చూశారు. అందుకే ఈ చికిత్సలో దాన్ని వదిలేశారు. లెవొనార్జెస్ట్రెల్‌కు కాస్త మగ హార్మోను లక్షణమూ ఉంటుంది. కావలసినదానికి వ్యతిరేకమన్నమాట. ఇంకో తిరకాసు ఉంది. ల్యాబులో మామూలుగా చేసే ఈస్ట్రడయోల్ పరీక్షకు ఈ కృత్రిమ హార్మోను సరిగ్గా దొరకదు. ధైర్యం చేసి పరీక్ష చేయించుకుంటే రిపోర్టులో తక్కువ చూపిస్తుంది. తక్కువుంది కదా అని ఇంకో మాత్ర వేసుకుంటారు.

బీడీ, సిగరెట్టు కాల్చేవాళ్లకు, రోజంతా కదలకుండా రైల్లో కూర్చుని వరంగల్ వెళ్లేవాళ్లకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. ఒక్క కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా ఆలోచించకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. వెళ్లి, "నేను ఈ మాత్రలు వాడుతున్నాను" అని చెప్పాలి. అలా చెప్పడానికి నోరు రాకపోతే డాక్టరు దాన్ని కండరం పట్టేయడం అనుకుంటాడు. వరంగల్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో పక్కన కూర్చున్న అన్నకు సంగతి తెలిసి ఉంటే వార్ధాలోనో బల్హార్షాలోనో దింపి దవాఖానాకు తీసుకెళ్తాడు. నేను చెప్పదలచుకున్న తోడు అంటే ఇదే. నలుగురిలో ఒక్కరికైనా తెలిసి ఉండడం.

డాక్టరు పర్యవేక్షణలో జరిగే చికిత్స ఎంత సాదాగా ఉంటుందో కూడా చెప్పాలి, భయం పోవడానికి. మొదటి ఏడాది మూడు నెలలకొకసారి రక్త పరీక్ష, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు. టెస్టోస్టిరాన్ డెసీలీటరుకు 50 నానోగ్రాముల కన్నా కిందికి వచ్చిందా, పొటాషియం, కాలేయం ఎలా ఉన్నాయి అన్నది చూస్తాం. సైప్రోటెరోన్ వాడితే తక్కువ మోతాదే వాడతాం. ఎక్కువ మోతాదు ఏళ్ల తరబడి వాడితే మెదడు పొరల్లో కణితి వచ్చే అవకాశం ఉందని 2020లో యూరప్ ఔషధ సంస్థ దాని వాడకానికి హద్దులు పెట్టింది. షుగరు రోగికి చేసే శ్రద్ధ కన్నా ఇది పెద్దదేమీ కాదు.

మందు మొదలుపెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అడగడానికి డాక్టర్లు కూడా మొహమాటపడతారు: పిల్లలు కావాలా? హార్మోన్లతో వీర్యకణాలు తగ్గిపోతాయి, ఆపినా తిరిగి వస్తాయన్న భరోసా లేదు. ఈ విషయంలో గుజరాత్‌కే చెందిన డాక్టర్ జెస్నూర్ దయారా దారి చూపించారు. గోధ్రా ప్రాంతంలో పుట్టి, రష్యాలో వైద్యం చదివి, 2021లో మార్పుకు ముందే ఆనంద్‌లో వీర్యాన్ని భద్రపరచుకున్నారు. ముందు ముందు తల్లి కావాలనుకుంటున్నానని పత్రికలకు చెప్పారు. ఖర్చుతో కూడిన పనే. కనీసం అలాంటి దారి ఉందని తెలియడం హక్కు.

శస్త్రచికిత్స అందరూ చేయించుకోరు, చేయించుకోవాల్సిన అవసరమూ లేదు. చేయించుకునేవాళ్లకు ఆపరేషను బల్ల మీది కొన్ని గంటల కన్నా ఆ తర్వాతి నెలలు కష్టం. కొత్తగా చేసిన యోని మూసుకుపోకుండా ప్రతిరోజూ డైలేటరు వాడాలి, మొదట్లో రోజుకు రెండు మూడుసార్లు. అది ఒంటరిగా గదిలో, తలుపు వేసుకొని, నొప్పి భరిస్తూ చేసుకోవాలి. నాలుగు పరుపుల గదిలో ఎలా? ఇలాంటి బతుకు తెలియాలంటే ఒక పుస్తకం ఉంది: తమిళ హిజ్రా రచయిత్రి ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి గారు తెలుగులోకి తెచ్చారు. ఆ అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. మీ గ్రంథాలయంలో లేకపోతే తెప్పించండి. హిజ్రా జమాత్‌లలో నిర్వాణం, అంటే పురుషాంగాన్ని తొలగించే ఆచారం, అయ్యాక నలభై రోజులు ఆ మనిషిని ఒకచోట ఉంచి, పథ్యం పెట్టి, పని చెప్పకుండా, నలభయ్యో రోజు పండగ చేసి బయటికి తెస్తారు. ఆ కోత చేసే దాయమ్మ చేతి కత్తితో రక్తం పోయి చచ్చిపోయినవాళ్లున్నారు, మూత్రనాళం మూసుకుపోయి జీవితాంతం బాధపడినవాళ్లున్నారు. ఆ పద్ధతిని నేను సమర్థించడం లేదు. గురువుకు అప్పుపడి ఏళ్ల తరబడి తీర్చేవాళ్లూ ఉన్నారు. కానీ దేహం మారాక నలభై రోజులు ఎవరో ఒకరు వండి పెట్టాలి అన్నది వాళ్లకు తెలుసు. పెద్ద పెద్ద ఆసుపత్రులు చక్కగా కోసి, కుట్టి, బిల్లు చేతికిచ్చి, "ఇంట్లో విశ్రాంతి తీసుకోండి" అని పంపించేస్తాయి. ఏ ఇంట్లో?

ప్రభుత్వం ఏం చేసిందో క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే కాగితం మీద ఉన్నది చాలా, చేతికందింది కొంచెం. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును ఒప్పుకుంది. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టంలో 15వ సెక్షను హార్మోను చికిత్స, శస్త్రచికిత్స, ముందూ వెనకా కౌన్సెలింగ్ అందించడం ప్రభుత్వ బాధ్యత అని రాసింది. 2022లో ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల రూపాయల కవరేజీ ప్రకటించారు. వడోదరలో లక్ష్య ట్రస్టు నడిపే గరిమా గృహం ఇల్లు విడిచినవాళ్లకు నీడ. గుర్తింపు కార్డు నిబంధనలు మారుతుంటాయి, అందుకని దరఖాస్తు పెట్టే ముందు కలెక్టరేటులో కనుక్కోండి. "మానసిక రోగం, కరెంటు పెట్టిస్తే పోతుంది" అనే డాక్టరు ఎవరైనా తగిలితే లేచి వచ్చేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వర్గీకరణలో ఇది మానసిక వ్యాధుల జాబితాలో లేదు. 2022లో జాతీయ వైద్య కమిషన్ అలాంటి 'మార్చే వైద్యం' డాక్టరు వృత్తిధర్మానికి విరుద్ధమని చెప్పింది. భూతవైద్యుల మీద కమిషన్‌కు అధికారం లేదు. వాళ్ల దగ్గరికి పంపకపోవడం మీ చేతుల్లో ఉంది.

హైదరాబాద్ నుంచి రెండు కబుర్లు. 2021 జనవరిలో నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ తెరిచారు. ట్రాన్స్‌జెండర్లకు సమగ్ర వైద్యం అందించే మొదటి క్లినిక్‌గా దేశంలో పేరు తెచ్చుకుంది. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది ట్రాన్స్ మనుషులే కాబట్టి లోపలికి అడుగుపెట్టడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు. నడిచింది అమెరికా సహాయంతో. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం సహాయాన్ని ఆపేయగానే తలుపు మూతపడింది. తర్వాత టాటా ట్రస్టుల అండతో సబ్రంగ్ అనే పేరుతో మళ్లీ తెరిచారు. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే నారాయణగూడలో మందు ఆగిపోయే స్థితిలో ఎవరినీ పెట్టకూడదు. రెండో కబురు మంచిది. 2022లో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్ పాల్ ఉస్మానియా ఆసుపత్రిలో వైద్యాధికారులుగా చేరారు. తెలంగాణలో ప్రభుత్వ వైద్యులైన మొదటి ట్రాన్స్ మహిళలు వాళ్లు. ప్రాచీ చదివింది ఆదిలాబాద్ రిమ్స్‌లో. మీ పిల్ల ఏమైపోతుందో అని రాత్రిళ్లు నిద్రపట్టని తల్లి ఎవరైనా ఈ హాల్లో ఉంటే, ఇలా కూడా అవుతుంది.

అంత దూరం పోనవసరం లేదు. ఇదే సూరత్‌లో ట్రాన్స్‌జెండర్ అయిన రాజ్వీ జాన్ 2020లో నమ్‌కీన్ దుకాణం పెట్టుకున్నప్పుడు వెనక నిలబడ్డది ఇంట్లోవాళ్లే.  ఇంట్లోవాళ్లు ఏం చేయాలో తెలియక నలిగిపోవడం నాకు అర్థమవుతుంది. వాళ్లకు నేను పెద్ద పనులు చెప్పను. కోరుకున్న పేరుతో పిలవండి. 2018లో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 129 మంది ట్రాన్స్ యువతను అడిగి చూశారు. ఇల్లు, బడి, పని, స్నేహితులు, ఇలా ఎన్ని చోట్ల తాము ఎంచుకున్న పేరు వినబడితే అంతగా కుంగుబాటు, చావు ఆలోచనలు తగ్గాయి. ఖర్చు లేని వైద్యం కదా.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. "పెళ్లి చేస్తే దారిలో పడతాడు" అని ఊరి నుంచి పిల్లను తెచ్చి కట్టబెట్టకండి. దానివల్ల నాశనమయ్యేది ఇద్దరి బతుకులు, అందులో ఒక అమ్మాయికి అసలు ఏం జరుగుతుందో కూడా తెలియదు. మన పెళ్లిళ్ల పరిచయ వేదికలు నడిపే పెద్దలు ఈ మాట తమ దగ్గరికి వచ్చే తల్లిదండ్రులతో అంటే, నేను వందమందికి మందు రాసినదాని కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

1994లో ప్లేగు వచ్చి నగరం ఖాళీ అయినప్పుడు, 2020లో లాక్‌డౌన్‌తో సాంచాలు ఆగిపోయినప్పుడు మనవాళ్లు ఒకరికొకరు గది ఇచ్చుకున్నారు, బియ్యం పంచుకున్నారు. ఆ పని చేయడం తెలిసిన సంఘాన్ని నేను మూడు పనులు అడుగుతున్నాను. ఆపరేషను చేయించుకొని వచ్చినవాళ్లకు నలభై రోజులు ఉండడానికి గడియ ఉన్న ఒక గది. కండ తగ్గి సాంచాల మీద నిలబడలేనివాళ్లకు సంఘం కుట్టు శిక్షణలో చోటు. సివిల్ ఆసుపత్రికో స్మిమేర్ ఆసుపత్రికో మొదటిసారి రక్త పరీక్షకు వెళ్లేవాళ్లతో పక్కన నడిచి, ఓపీ చీటీ రాయించే ఒక మనిషి. మూడోదానికి పైసా ఖర్చు లేదు, వచ్చే సోమవారం నుంచే మొదలుపెట్టవచ్చు. ముందుకు వచ్చేవాళ్లు సభ అయ్యాక కార్యదర్శి గారికి పేరు ఇవ్వండి.